లాంగ్ టర్మ్ చదువు – తప్పుల పద్దు
(రేడియో ప్రసంగము)



వైద్యులు కావలెనను కోరికతో మన తెలంగాణపు పల్లెలనుండియు చిన్న పట్టణములనుండియు ఏటేట వేలకొలది బాలబాలికలు హైదరాబాదు నగరపు తూర్పు కొసకు వచ్చి చేరుచున్నారు. ఇంటర్మీడియట్‌లో బైపీసీ ముగించి, నీట్ అను జాతీయ ప్రవేశపరీక్షలో తొలిసారి సీటునకు చాలినన్ని మార్కులు రాక, మరియొక సంవత్సరమును కేవలము ఆ పరీక్షకే అంకితము చేయ నిశ్చయించుకొన్నవారు వీరిలో పెక్కురు. ఆ సంవత్సరపు చదువును ఉభయ తెలుగు రాష్ట్రములలోను తల్లిదండ్రులు, పిల్లలు, అధ్యాపకులు అందరును 'లాంగ్ టర్మ్' అని వ్యవహరింతురు. దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్బీనగర్ వరకు గల మూడు నాలుగు కిలోమీటర్ల మేరలో ఆ చదువు ఏ తీరున సాగుచున్నదో, దాని వెనుక గల పరీక్ష ఎట్టిదో, ఆ సంవత్సరమును సార్థకము చేసికొనుటకు విద్యార్థులును వారి పెద్దలును ఏమి చేయవచ్చునో ఈ ప్రసంగమున మనవి చేయుదును. నా అభిప్రాయమును ముందే చెప్పివేయుట మంచిది: చదివిన గంటలను లెక్కించుటకంటె పోయిన మార్కులను లెక్కించుట మేలు, అవి ఎచ్చట పోయినవో, ఎందుచేత పోయినవో ఎరిగిన విద్యార్థికే రెండవ సంవత్సరము ఫలించును.

ఈ చదువు నగరమున ఈ దిక్కుననే ఇంతగా ఏల పెరిగినదని అడుగువారికి దారులే సమాధానము చెప్పును. విజయవాడ రహదారిపై కోదాడ, సూర్యాపేట, నకిరేకల్ ప్రాంతములనుండి వచ్చు బస్సులును, ఖమ్మము దిక్కునుండి సూర్యాపేట మీదుగా వచ్చునవియు, నాగార్జునసాగర్ రోడ్డున హాలియా, దేవరకొండ వైపునుండి వచ్చునవియు నగరమున ప్రవేశించునది ఎల్బీనగర్ పరిసరముననే. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఈ పేట నల్లగొండ సీమవానికి రాజధానిలో కాలు మోపు మొదటి నేల. కూతురిని హాస్టలులో దిగవిడిచి సాయంకాలపు బస్సునకు ఊరు చేరుకొనదలచిన తండ్రికి నగరపు పడమటి కొసకంటె ఈ తావు ఎంతయు అనుకూలము. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి ఎల్బీనగర్ వరకు మెట్రో రైలు నడువనారంభించిన పిదప ఎల్బీనగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ స్టేషనుల చుట్టు గల వీథులకు హాస్టళ్ల సందడి మరింత హెచ్చినది.

దిల్‌సుఖ్‌నగర్ బస్‌స్టేషను ఎదుట నిలిచి తలయెత్తి చూచినచో ఆకాశముకంటె బోర్డులే అధికముగ కానవచ్చును. బ్యాంకు ఉద్యోగములకు, గ్రూప్ పరీక్షలకు, డీఎస్సీకి, పోలీసు కానిస్టేబుల్ కొలువులకు, కంప్యూటరు కోర్సులకు శిక్షణ నిచ్చు సంస్థలన్నియు ఒకే భవనమున అంతస్తునకొకటిగా అమరియుండును. వాని నడుమనే నీట్ బోర్డు. ఆ ప్రక్క సందులో అమ్మాయిల హాస్టలు, అబ్బాయిల హాస్టలు, జిరాక్సు దుకాణము, పాత పుస్తకముల అంగడి, తెల్లవారకముందే పొగలు గ్రక్కు టిఫిన్ బండి. ఇరువది యేండ్ల బైపీసీ విద్యార్థినియు, ముప్పదియేండ్లు దాటిన గ్రూప్స్ అభ్యర్థియు ఒకే బండి వద్ద ఇడ్లీ తినుచు, ఎవరి పుస్తకము వారు చంకన పెట్టుకొని నిలుచుట ఇచ్చట నిత్యదృశ్యము.

ఇచ్చటినుండి కొంచెము ముందుకు సాగినచో కొత్తపేట. నల్లగొండ బత్తాయి లారీలును వేసవి మామిడి బండ్లును బారులు తీరిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు పెక్కేండ్లు ఆ తావుననే యుండెను. మార్కెట్టును బాటసింగారమునకు తరలించిన పిదప ఆ స్థలమున వేయి పడకల ప్రభుత్వ ఆసుపత్రిని, టిమ్స్ అను పేర, నిర్మింప సంకల్పించి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన గావించిరి. వైద్యవిద్యకై తపించు పిల్లలు నివసించు వీథుల నడుమనే అంత పెద్ద ఆసుపత్రి లేచుట వైద్యుల అవసరము ఎంత గలదో ఆ పిల్లలకు కన్నులార చూపుచున్నది.

ఇక ఈ ప్రవేశపరీక్ష ఎచ్చటనుండి వచ్చినదో కొంత తెలిసికొందము. నిజాము నాసిరుద్దౌలా పాలనలో 1846లో హైదరాబాదున ఒక వైద్యపాఠశాల స్థాపితమైనది. బోధన ఉర్దూ భాషలో సాగిన ఆ పాఠశాలయే కాలక్రమమున ఉస్మానియా వైద్యకళాశాలగా పరిణమించినది. 1954లో గాంధీ వైద్యకళాశాలయు, 1959లో వరంగల్లున కాకతీయ వైద్యకళాశాలయు వెలసినవి. తరువాత సుమారు అర్ధశతాబ్దము తెలంగాణమున ప్రభుత్వ వైద్యకళాశాలలు ఈ మూడే. సీట్లు వందలలోను, ఆశించువారు వేలలోను ఉన్నప్పుడు వడపోత తప్పదు గదా. ఇంజనీరింగునకును వైద్యమునకును కలిపి 1986 నుండి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ప్రవేశపరీక్షయైన ఎంసెట్‌ను నిర్వహించుచు వచ్చినది. నెల్లూరున 1979లో ఆరంభమైన నారాయణ, విజయవాడలో 1986లో ఆరంభమైన శ్రీచైతన్య మొదలగు సంస్థలు ఆ ఎంసెట్ నీడనే మహావృక్షములైనవి. హాస్టలు, తరగతి, పరీక్ష మూడును ఒకే ప్రహరీలో ఇమిడ్చిన చదువు తెలుగునాట పాదుకొన్నది ఆ కాలముననే. లాంగ్ టర్మ్ బ్యాచులు ఆ పద్ధతికే కొనసాగింపు.

దేశమంతటికి ఒకే పరీక్ష యుండవలెనను తలంపుతో 2013 మే 5న తొలి నీట్ జరిగినది. ఆ జులై 18న సర్వోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసినది. మరల 2016 ఏప్రిల్ 11న ఆ తీర్పును తానే ఉపసంహరించుకొన్నది. ఆ 2016వ సంవత్సరమున తెలంగాణ విద్యార్థులు పడిన పాట్లు వర్ణింప నలవిగాదు. రాష్ట్రములకు ఆ ఒక్క ఏటికి మినహాయింపు లభింపగా జులై 9న వైద్యవిద్యకై ఎంసెట్–2 జరిగినది. ప్రశ్నపత్రము ముందే బయటపడినదని తేలుటచే అది రద్దయి, సెప్టెంబరు 11న ఎంసెట్–3 జరిగినది. నడుమ జులై 24న నీట్ రెండవ విడత. ఒక్క వేసవిలో ముగియవలసిన పరీక్షాకాలము వర్షర్తువు వరకు సాగినది. ఎవరో కొందరు చేసిన చౌర్యమునకు నిజముగా చదివిన వేలాది పిల్లలు మరల మొదటినుండి సిద్ధము కావలసివచ్చెను.

2017 నుండి రాష్ట్రపు ఎంసెట్‌లో వైద్యవిద్య లేదు. అందరికిని నీట్ ఒక్కటే. ఆ ఏడు తెలుగుతో కూడ పది భాషలలో పరీక్ష జరిగినది. 2019 నుండి దానిని జాతీయ పరీక్షా సంస్థ, అనగా ఎన్టీఏ, నిర్వహించుచున్నది. ఈ మార్పుతో మన పిల్లల బల్లమీది పుస్తకమే మారిపోయినది. ఇంటర్మీడియట్‌నకు తెలుగు అకాడమి పుస్తకములు. నీట్‌కు ఎన్సీఈఆర్టీ పుస్తకములు. జీవశాస్త్రమున ఎన్సీఈఆర్టీని 'లైన్ టు లైన్' చదువవలెనను మాట నేడు దిల్‌సుఖ్‌నగర్ తరగతి గదులలో ఒక మంత్రమువలె వినవచ్చుచున్నది. అందు అతిశయోక్తి లేదు. బొమ్మ క్రింద చిన్న అక్షరములలో నుండు వాక్యమునుండి సైతము ప్రశ్న వచ్చుట కలదు.

పరీక్ష స్వరూపము సూక్ష్మముగా ఇది. ప్రశ్నలు 180, మార్కులు 720. భౌతికశాస్త్రమున 45, రసాయనశాస్త్రమున 45, వృక్షశాస్త్ర జంతుశాస్త్రములు కలిసిన జీవశాస్త్రమున 90. ఒప్పునకు నాలుగు మార్కులు. తప్పునకు ఒక మార్కు కోత. విడిచిన ప్రశ్నకు సున్న. వ్యవధి 180 నిమిషములు, అనగా ప్రశ్న చదువుటకు, ఆలోచించుటకు, ఓఎంఆర్ పత్రముపై వృత్తము నింపుటకు కలిపి సగటున ఒక్క నిమిషము. ఇరువురికి సమానముగ మార్కులు వచ్చినచో ముందు జీవశాస్త్రపు మార్కులు చూతురు. 2025లో ఈ పరీక్షను 22 లక్షలమందికి పైగా వ్రాసిరి. 12 లక్షల 36 వేలమంది అర్హులైరి. ఆ ఏడు ఎంబీబీఎస్ సీట్లు దేశమంతట కలిపి లక్షా ముప్పది వేలకు లోపే. కావున అర్హత పొందుట వేరు, సీటు పొందుట వేరు. ఫలితములనాడు 'క్వాలిఫై అయినాడు' అని ఊరిలో మిఠాయి పంచి, కౌన్సెలింగునాడు నిరాశ పడు తల్లిదండ్రులు ఈ భేదమును ముందుగానే గ్రహించుట మంచిది.

లాంగ్ టర్మ్ దినచర్య ఎట్టిదో దానిని చూడనివారికి చెప్పవలెను. తెల్లవారుజామున వార్డెను తలుపు తట్టుటతో దినము ఆరంభమగును. స్నానములకు వరుస, స్టడీ అవరు, టిఫిను, వెనువెంటనే తరగతులు, మధ్యాహ్నము మెస్‌లో అన్నము సాంబారు, మరల తరగతులు, సాయంకాలము కొద్దిపాటి విరామము, రాత్రి పదివరకు, పరీక్షల కాలమున అంతకు మించి, మరల స్టడీ అవరు. చేత ఫోను ఉండరాదు. ఇంటివారితో మాట వార్డెను ఫోనునుండి, నిర్ణీతమైన వేళ. ఆదివారము వీకెండ్ టెస్ట్. పరీక్ష జరుగు మే నెల సమీపించుకొలది గ్రాండ్ టెస్టులు. ఎప్పుడైన ఒక ఆదివారము ఔటింగు లభించినచో, టిఫిను క్యారియరు చేతబట్టి గేటువద్ద నిరీక్షించు తల్లులు, చెట్టునీడన కూర్చుండి బిడ్డ తినుచుండగా చూచుచు తాము తినుట మరచు తండ్రులు ఈ ప్రాంతపు ప్రతి వీథిలోను కానవత్తురు.

ఈ క్రమశిక్షణలో మేలు లేకపోలేదు. ఇంటివద్ద పొలము పనులు, పెండ్లిండ్లు, చుట్టపుచూపులు, సెల్‌ఫోను, ఇన్నింటి నడుమ చదువు సాగని పిల్లవానికి ఇచ్చటి నియతకాలము ఆధారమగును. కాని అందొక లోపము దాగియున్నది. దినమునందలి ప్రతి గంటను ఇతరులే నింపివేయుటచే, తాను చేసిన తప్పును తాను తీరికగా చూచుకొనుటకు విద్యార్థికి వేళ చిక్కదు. ఆదివారము పరీక్ష వ్రాయును. సోమవారము ర్యాంకుల జాబితా గోడపై అంటుకొనును. ఆ నాడే క్రొత్త అధ్యాయము మొదలగును. పరీక్ష ముగిసినది గాని దానినుండి రావలసిన పాఠము రాకమునుపే వారము గడచిపోయినది.

ఇంటికి చేయు ఫోను సంభాషణయు తరచు ఇట్లే యుండును:

"ఎన్నొచ్చినయ్ బిడ్డా ఈ వారం?"

"ఐదు వందల పది, నాయినా."

"పోయినసారి కంటె ఎక్వనా, తక్వనా?"

"తక్వనే."

"సరే బిడ్డా, మంచిగ చదువు. పైసల సంగతి నేను జూస్కుంట."

ఆ తండ్రి మాటలో ప్రేమయే గాని కఠినత లేదు. ఐనను ఆ మాట విన్న బిడ్డకు ఆ వారము చేయదగిన పని ఏదియు అందు దొరకదు. 'మంచిగా చదువు' అనగా ఏమి చదువవలెను? ఏ పుట? ఏ లెక్క? ఆ 510 మార్కులనే విప్పి చూతము. ఆ విద్యార్థిని 135 ప్రశ్నలకు ఒప్పు, 30 ప్రశ్నలకు తప్పు వ్రాసి, 15 ప్రశ్నలు విడిచినదనుకొందము. ఒప్పులవలన 540; తప్పులకు 30 కోత; మిగిలినది 510. మొత్తము 720లో పోయినవి 210. అందు విడిచిన పదునైదింటివలన పోయినవి 60. తప్పు వ్రాసిన ముప్పదింటివలన పోయినవి 150, ఏలయనగా తప్పు వ్రాసిన ప్రతిచోట రావలసిన నాలుగును పోయి, ఉన్నదానినుండి ఒకటియు పోవుచున్నది. కావున ఈ బిడ్డకు నష్టము ఎక్కువగా తెలియక విడిచినవానివలన రాలేదు. తెలుసుననుకొని వ్రాసినవానివలన వచ్చినది. ఈ ఒక్క సంగతి తెలిసినచో వచ్చు వారపు చదువు మారిపోవును.

ఆ ముప్పది తప్పులను మరల మూడు తెగలుగా వేరుచేయవచ్చును. పాఠమే తెలియక ఊహించి వ్రాసినవి మొదటి తెగ. తెలియునని దృఢముగ నమ్మి పొరబడినవి రెండవ తెగ. తెలిసియు, ప్రశ్నలోని 'సరికానిది ఏది' అను మాటను 'సరియైనది' గా చదువుటచేతనో, లెక్కలో గుర్తు మారుటచేతనో, వృత్తము ఒక వరుస క్రిందికి నింపుటచేతనో పోయినవి మూడవ తెగ. మూడింటికి మందు ఒకటి కాదు. మొదటిదానికి పాఠము చదువవలెను. రెండవదానికి పాఠము చదివిన చాలదు. తప్పుగా పాతుకొన్న భావమును పెరికివేయవలెను, అందుకు అధ్యాపకుని ఎదుట కూర్చుండి తాను ఎట్లాలోచించెనో నోట చెప్పుటకంటె వేరు దారి లేదు. మూడవదానికి చదువుతో పనియే లేదు. నిద్ర, నిదానము, కాలము పంచుకొను అలవాటు కావలెను. ముప్పదిలో ఎనిమిది ఈ మూడవ తెగవే అయినచో, క్రొత్తగా ఒక్క పుట చదువకయే నలువది మార్కులు తిరిగివచ్చును.

కనుక ప్రతి విద్యార్థియు ఒక ప్రత్యేకపు నోటుబుక్కు ఉంచుకొని, కిరాణా దుకాణదారు రాత్రి తలుపు మూయకముందు నాటి పద్దు వ్రాసికొనునట్లు, ప్రతి పరీక్ష మరునాడు తన తప్పులను వ్రాసికొనవలెను: ప్రశ్న సంఖ్య, అధ్యాయము, తాను గుర్తించినది, సరియైనది, తప్పు ఏ తెగదో. నాలుగు వారములు ఇట్లు వ్రాసిన పిదప అందు ఒక తీరు స్పష్టముగ కానవచ్చును. ఒకనికి భ్రమణ చలనములో, ఒకతెకు ఆవర్తన పట్టిక ధర్మములలో, మరియొకనికి చివరి ఇరువది నిమిషములలో మార్కులు పోవుచుండును. ఈ పని వంద ప్రశ్నల క్రొత్త అభ్యాసమునకు సమానమైన శ్రమ కోరును గనుక సంస్థలు దానికి టైంటేబులులో వేళ కేటాయింపవలెను. కేటాయింపనిచోట విద్యార్థి అడిగి తీసికొనవలెను.

ఊహించి వ్రాయుట పాపమని కొందరు, విడుచుట పిరికితనమని కొందరు పిల్లలకు చెప్పుచుందురు. లెక్క చూచినచో రెండును నిజము కావు. నాలుగు ప్రశ్నలకు కన్నులు మూసికొని గుర్తించినచో సగటున ఒకటి ఒప్పగును, మూడు తప్పులగును. నాలుగు వచ్చి మూడు పోయి ఒక్క మార్కు మిగులును. నాలుగు జవాబులలో రెండు కావని నిశ్చయముగా త్రోసివేయగలిగినప్పుడు మాత్రము రెండు ప్రశ్నలకు సగటున మూడు మార్కుల లాభము. అనగా ఊహకు విలువ నిచ్చునది అదృష్టము గాక, సగము తెలిసిన పాఠమే.

భౌతికశాస్త్రమును గూర్చి ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. బైపీసీ విద్యార్థులు గణితమును పదవ తరగతితో విడిచినవారు. నీట్ భౌతికశాస్త్రమో సదిశలను, లాగరిథములను, కొంత కలన గణితమును కోరుచున్నది. 2025 పరీక్షలో భౌతికశాస్త్రము మిక్కిలి కఠినముగ వచ్చుటచే దేశమునకంతటికి ప్రథముడైన విద్యార్థికి సైతము 686 మార్కులే వచ్చినవి. జీవశాస్త్రమున 340 తెచ్చుకొను బిడ్డ భౌతికమున అరువది వద్ద ఆగిపోయినచో అది ఆమె బుద్ధిలోపము కాదు, రెండేండ్లుగా చేయని గణితమే కారణము. లాంగ్ టర్మ్ మొదటి రెండు మాసములలో ఈ పునాది గణితమును నింపిన బ్యాచులకును, నింపక నేరుగా సమస్యలలో దింపిన బ్యాచులకును భేదము సంక్రాంతి నాటికే తెలియవచ్చును.

తప్పులను లెక్కించుట అల్పుల పని యని ఎవరైన తలచినచో ఈ నగరముననే జరిగిన ఒక సంఘటనను జ్ఞప్తి చేయుదును. మలేరియా పరాన్నజీవి జీవితచక్రమును నీట్ విద్యార్థి కంఠస్థము చేయును; ఆడ అనాఫిలిస్ దోమ పేరు నిద్రలో లేపినను చెప్పును. ఆ దోమయే మలేరియాను మోయునను సత్యము బయటపడినది 1897 ఆగస్టు 20న, మన బేగంపేటలో. దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి రెడ్ లైను రైలెక్కి అమీర్‌పేటలో బ్లూ లైనునకు మారినచో రొనాల్డ్ రాస్ పని చేసిన ఆ తావు సమీపమునకు చేరవచ్చును. సైనిక వైద్యుడైన రాస్ అంతకుముందు 1895 నుండి దోమలను కోసి కోసి చూచుచు, ఏమియు కానక విసిగియుండెను. ఆయన పరీక్షించిన దోమలు మానవ మలేరియాను మోయజాలని జాతులవి. పరిశ్రమలో లోపము లేదు, ఎన్నికలో లోపము. ఆ తప్పును గ్రహించి చుక్కల రెక్కల దోమలవైపు మరలిన పిదపనే వాని జీర్ణాశయపు గోడలో పరాన్నజీవి ఆయన కంటబడెను. 1902లో నోబెల్ బహుమతి వచ్చెను. పదునాలుగు గంటలు చదివియు మార్కులు పెరుగని విద్యార్థి, తాను ఏ దోమను కోయుచున్నాడో ఒకసారి నిలిచి చూచుకొనవలసియున్నది.

ఇంతవరకు చెప్పినది చదువు సంగతి. దేహమును మనస్సును కూడ లెక్కలోనికి తీసికొననిదే ఈ ప్రసంగము పూర్తికాదు. విశాఖపట్నమున హాస్టలులో ఉండి నీట్‌కు చదువుచు 2023లో ప్రాణము కోల్పోయిన పదునేడేండ్ల బాలిక విషయమున ఆమె తండ్రి చేసిన విన్నపమును విచారించి సర్వోన్నత న్యాయస్థానము 2025 జులై 25న దేశమునందలి విద్యాసంస్థలన్నింటికి కొన్ని ఆదేశములిచ్చినది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయుట, పదుగురిలో అవమానించుట, శక్తికి మించిన లక్ష్యములు విధించుట సాధ్యమైనంతవరకు మానవలెనని అందు స్పష్టముగ చెప్పబడినది. అంతకుముందు 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన మార్గదర్శకములలోను దినమునకు అయిదు గంటలకు మించి కోచింగు తరగతులు కూడదనియు, వారమునకొక సెలవు ఉండవలెననియు, సెలవు మరునాడు పరీక్ష పెట్టరాదనియు ఉన్నది. బిడ్డను చేర్పించుటకు వచ్చిన తండ్రి ఫీజు ఎంతయని అడుగునప్పుడే, సెక్షనులు ఎట్లు విడదీయుదురు, సెలవు ఎప్పుడు, బిడ్డకు బాగులేనిచో మాటాడుటకు కౌన్సెలరు కలరా యని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. అవి ఆయన హక్కులు. నిద్ర పట్టక, తిండి సహింపక, బ్రతుకుమీద విరక్తి కలిగిన పిల్లలు గాని, వారిని గూర్చి కలవరపడు పెద్దలు గాని 14416 అను టెలీ మానస్ సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. అది ప్రభుత్వము నడుపు ఉచిత సేవ. తెలుగులో మాటాడువారు కలరు.

ధనము విషయము. ప్రభుత్వ వైద్యకళాశాలలో వార్షిక రుసుము పదివేల రూపాయలు. ప్రైవేటు కళాశాలలో కన్వీనరు కోటా సీటునకు అరువది వేలు. మేనేజిమెంటు కోటాలోని బి-కేటగిరీకి పదకొండున్నర లక్షలకు పైమాట. ఈ అంతరమే తండ్రులచేత లాంగ్ టర్మ్‌కు అప్పు చేయించుచున్నది: ఒక్క ఏటి ఖర్చుతో అయిదేండ్ల భారము తప్పునేమో యను ఆశ. ఆ ఆశ నిరాధారమైనది కాదు. తెలంగాణ ఏర్పడునాటికి అయిదు గల ప్రభుత్వ వైద్యకళాశాలలు నేడు 34 అయినవి. దారి ప్రక్కనే యున్న నల్లగొండ, సూర్యాపేటలలో 2019 నుండి కళాశాలలు నడచుచున్నవి. ఖమ్మమున 2023లో, మహేశ్వరము, యాదాద్రి భువనగిరులలో 2024లో వచ్చినవి. ఫీజు కట్టలేని ఇంటి బిడ్డలకు గౌలిదొడ్డి గురుకుల కళాశాలవంటి ప్రభుత్వ సంస్థలలో ఉచితముగ శిక్షణ లభించుచున్నది. సాంఘిక సంక్షేమ గురుకులములనుండి ఎందరో దళిత బాలబాలికలు వైద్యులైనారు. అప్పుచేయుటకు ముందు ఆ తలుపు తట్టి చూచుట వివేకము.

రెండవ సంవత్సరము, మూడవ సంవత్సరము చేరవలెనా వలదా యని ప్రతి జూను మాసమున ఇండ్లలో జరుగు చర్చలో బంధువుల మాటలకంటె ఆ తప్పుల పుస్తకమునకు ఎక్కువ విలువ ఉండవలెను. కన్వీనరు కోటాలో తన వర్గమునకు క్రిందటి ఏడు చివరి సీటు ఎన్ని మార్కులకు వచ్చినదో చూచి, తనకు తక్కువపడిన మార్కులు ఏ పాఠములలో, ఏ తెగ తప్పులలో దొరకునో వ్రేలు పెట్టి చూపగలిగిన బిడ్డకు మరియొక ఏడు ఇవ్వవచ్చును. 'ఈసారి గట్టిగా చదువుదును' అని మాత్రమే చెప్పగలిగిన బిడ్డకు అదే హాస్టలులో అదే దినచర్య అదే ఫలితము నిచ్చుటకే అవకాశము మెండు. అట్టి బిడ్డకు మరి దారులు లేవని తలపరాదు. ఆయుర్వేద, హోమియో కళాశాలలకు నీట్ ర్యాంకే ఆధారము. వ్యవసాయము, పశువైద్యము, ఫార్మసీలకు రాష్ట్రపు ప్రవేశపరీక్ష ఈఏపీసెట్ ఉన్నది. నర్సింగు, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ చదివినవారు లేనిదే ఏ ఆసుపత్రియు ఒక్క పూట నడువదు. ఈ చదువులను ఓడిపోయినవారి ఆశ్రయములుగ మాటాడు అలవాటును మన ఇండ్లనుండియే తొలగించుకొనవలెను.

చివరగా ఒక మనవి. బోధనాసుపత్రులలో రోగి మరణించినప్పుడు, చికిత్స చేసినవారందరు ఒకచోట కూర్చుండి, వ్యాధి గుర్తించుటలో ఆలస్యమైనదా, మందు మారినదా, మనిషి చేరవలసిన వేళకు చేరలేదా యని విచారించు ఆచారము కలదు. ప్రసవమున తల్లి మరణించినచో అట్టి సమీక్ష మన దేశమున తప్పనిసరి. తప్పును దాచువానికి ఆ గదిలో చోటు లేదు. తప్పును వివరముగ చెప్పగలిగినవానివలన మరునాడు మరియొక ప్రాణము దక్కును. దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు బల్లవద్ద పదునెనిమిదేండ్ల వయస్సున తన తప్పును తానే సిగ్గుపడక వ్రాసికొన నేర్చినవారు, సీటు వచ్చి తెల్లకోటు ధరించినను, సీటు రాక మరియొక వృత్తిలో స్థిరపడినను, ఆ విద్యను పోగొట్టుకొనరు. ఈ ఏడు పరీక్షకు కూర్చుండు బిడ్డలందరు ఆ విద్యను ముందుగ నేర్చుకొందురుగాక యని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.